గాలి తుపాకి గుండు: గురి ఎందుకు తప్పుతుంది?

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో పొలాలు పలచబడి అడవి దగ్గరకు వస్తుంది. గోదావరికి ఇరువైపులా పరుచుకొన్న ఈ అడవి అంచున కోయలు, కొండరెడ్లు తరతరాలుగా నివసిస్తున్నారు. వెదురు విల్లు, ఇనుప ములికి గల బాణం వారి పూర్వుల ఆయుధాలు. బాణానికి ముందు బరువైన ములికి, వెనుక తేలికైన ఈకలు ఎందుకు ఉండాలో వారికి ఏ భౌతికశాస్త్ర గ్రంథమూ చెప్పలేదు. తోక తేలికగా, తల బరువుగా లేని బాణం గాలిలో అడ్డం తిరుగుతుందని అనుభవమే వారికి నేర్పింది.

ఆ అడవి అంచు ఊళ్ళలోనే కాక తెలుగునాట అన్ని పల్లెలలోను పిల్లలకు తెలిసిన ఆయుధం మరొకటి ఉంది. అది ఉండేలు. ఉండ, విల్లు అన్న రెండు మాటలు కలిసి ఆ పేరు వచ్చింది. నేర్పరి అయిన వాడు దొరికిన రాయినల్లా ఉండేలులో పెట్టి కొట్టడు. బంకమట్టిని మెత్తగా పిసికి, ఒకే పరిమాణంలో ఉండలు చేసి, ఎండబెట్టి సంచిలో వేసుకొంటాడు. ఉండలు ఒకదానికొకటి సమానంగా ఉంటేనే గురి కుదురుతుందన్నది అతని సిద్ధాంతం.

బాణపు ఈకలో ఒకటి, ఉండేలు ఉండలో ఒకటి, ఈ రెండు పాఠాలూ నేటి గాలి తుపాకి గుండుకు అక్షరాలా వర్తిస్తాయి. తుపాకి ఖరీదైనదైతే గురి దానంతట అదే కుదురుతుందని పలువురు అనుకొంటారు. గుండు ఎంత వేగంగా పోతే అంత సూటిగా పోతుందని మరి కొందరి నమ్మకం. ఈ రెండూ పొరపాట్లే. గురికి మూలం బలం కాదు, సమానత. ప్రతి గుండూ ముందరి గుండు వలెనే బయలుదేరాలి. ఈ ఒక్క సూత్రాన్ని అర్థం చేసుకొంటే గుండ్ల ఎంపిక ఎట్లా చేయాలో సులభంగా బోధపడుతుంది.

ఢమరుకం వంటి గుండు

తిరునాళ్ళలో బెలూన్లు పేల్చే తుపాకి దగ్గర నిలబడిన వారందరూ గాలి తుపాకిని చూచినవారే. ఇందులో మందు ఉండదు. గొట్టాన్ని మడిచినప్పుడు లోపలి స్ప్రింగు నొక్కుకొంటుంది. ట్రిగ్గరు లాగగానే స్ప్రింగు ఒక ముషలకాన్ని ముందుకు తోస్తుంది. ముషలకం ముందున్న గాలి అణగి, ఆ పీడనంతో గుండును గొట్టం నుండి బయటికి నెడుతుంది. పోటీలలో వాడే తుపాకులలో ముందుగానే అధిక పీడనంతో నింపిన గాలి సీసా ఉంటుంది.

దుకాణాలలో పెల్లెట్టు అని అడిగే ఈ గుండు గుండ్రని గోళీ కాదు. దాని ఆకారం శివుని చేతిలోని ఢమరుకం వంటిది. ముందు తల, మధ్య సన్నని నడుము, వెనుక గంటలాగా విచ్చుకొన్న పలుచని పావడ. తల గట్టిగా నిండి ఉంటుంది, పావడ లోపల డొల్లగా ఉంటుంది. అందుచేత గుండు యొక్క గరిమనాభి తలవైపున ఉంటుంది. గాలి నిరోధం మాత్రం వెడల్పైన పావడ మీద బాగా పనిచేస్తుంది. గుండు ఏ కారణం చేతనైనా పక్కకు వంగబోతే గాలి పావడను వెనుకకు లాగి తలను మళ్ళీ దారిలో నిలుపుతుంది. బాణపు తోకలో ఈకలు చేసే పని ఇదే. కోయవాని బాణానికి, సీసపు గుండుకు ఒకే సూత్రం కాపలా కాస్తున్నది.

పావడకు రెండవ పని కూడా ఉంది. వెనుక నుండి గాలి పీడనం తగలగానే పలుచని పావడ కొద్దిగా విచ్చుకొని గొట్టపు గోడలకు గట్టిగా అతుక్కొంటుంది. గాలి పక్కల నుండి జారిపోదు. పావడ ఒక వైపు సొట్టపడితే ఆ సందులో నుండి గాలి తప్పించుకొంటుంది. అంతేకాదు, గొట్టం కొన దాటే క్షణంలో గాలి ఒక వైపు ముందుగా ఎగదన్ని గుండును పక్కకు నెడుతుంది. డబ్బా కింద పడినప్పుడు గుండ్లు పాడవుతాయని అనుభవజ్ఞులు హెచ్చరించడం ఇందువల్లనే.

గొట్టంలోని గాడులు

రైఫిలు గొట్టం లోపల మర చుట్ల వలె గాడులు చెక్కి ఉంటాయి. మెత్తని సీసం ఆ గాడులలో ఇరుక్కొని, వాటి వెంట తిరుగుతూ బయటికి వస్తుంది. గాడి సుమారు 45 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరుగుతుందనుకొందాం. గుండు వేగం సెకనుకు 180 మీటర్లయితే, 180ని 0.45తో భాగించగా 400 వస్తుంది. అనగా గుండు సెకనుకు 400 చుట్లు తిరుగుతూ పోతుంది. తిరిగే బొంగరం నిలబడినట్లే తిరిగే గుండు తన అక్షాన్ని విడువదు. గుండు తయారీలో ఒక వైపు కాస్త బరువు ఎక్కువైనా, ఆ తిరుగుడు వల్ల దోషం అన్ని దిక్కులకు సమానంగా పంచబడుతుంది.

సీసాన్ని ఎంచుకోవడానికి కారణం ఇప్పుడు తెలుస్తుంది. అది గాడులలో ఒదిగేంత మెత్తనిది, నీటి కంటే 11 రెట్లకు మించి బరువైనది. బరువైన పదార్థానికి గాలి నిరోధం వలన వేగం మెల్లగా తగ్గుతుంది. తగరం మొదలైన లోహాలతో చేసిన గుండ్లు కూడా దొరుకుతున్నాయి. అవి తేలికైనవి, కొంత గట్టివి కనుక ప్రతి గొట్టంలోను ఒకే విధంగా ఒదగవు.

తలలో నాలుగు రకాలు

గాలి తుపాకులలో ఎక్కువగా వాడేవి 4.5 మిల్లీమీటర్ల గొట్టం గలవి, 5.5 మిల్లీమీటర్లవి. అంగుళాలలో వీటినే 0.177, 0.22 అంటారు. ఒలింపిక్ పోటీలలో 4.5 మిల్లీమీటర్లది మాత్రమే అనుమతిస్తారు. తల ఆకారాన్ని బట్టి గుండ్లు ముఖ్యంగా నాలుగు రకాలు.

మొదటిది చదును తల గుండు. ఇది కాగితంలో అంచులు చెదరని గుండ్రని రంధ్రం చేస్తుంది. గుర్తులు లెక్కించడం సులభం. 10 మీటర్ల పోటీలలో దీనినే వాడతారు. రెండవది గుండ్రని తల గలది. గాలి దీని చుట్టూ సాఫీగా జారుతుంది కనుక 20, 30 మీటర్ల దూరంలో వేగం తక్కువగా నష్టపోతుంది. మూడవది మొనదేలిన తల. చూడటానికి ఇది అన్నింటికంటే చురుకైనదిగా కనిపిస్తుంది. కాని ధ్వనివేగం కంటే తక్కువ వేగంలో గాలి నిరోధానికి తల మొన ఒక్కటే కారణం కాదు. నడుము దగ్గర, పావడ వెనుక ఏర్పడే గాలి సుడులది పెద్ద పాలు. పైగా సన్నని మొన సరిగ్గా మధ్యన నిలవడం కష్టం, డబ్బాలో ఒరుసుకొని వంగడం సులభం. నాలుగవది తలలో గుంట గలది. లక్ష్యం మీద గురి అభ్యసించేవారికి దీనితో పనిలేదు.

వేగం విషయంలో కూడా ఒక హద్దు ఉంది. ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. తేలిక గుండును బలమైన తుపాకిలో పెట్టి ఆ వేగం దరిదాపులకు తీసుకుపోతే గాలి ప్రవాహం ఒక్కసారిగా మారి గుండు తడబడుతుంది. పోటీ తుపాకుల వేగం సెకనుకు 175 మీటర్ల ప్రాంతంలోనే ఉండటం శక్తి చాలక కాదు. అంతకంటే వేగం అవసరం లేకనే.

గుండు ఎంత దిగుతుంది?

గొట్టం విడిచిన క్షణం నుండి భూమ్యాకర్షణ గుండును కిందికి లాగుతూ ఉంటుంది. చెట్టు నుండి రాలిన పండు ఎంత దిగుతుందో, అంతే కాలంలో గుండు కూడా అంతే దిగుతుంది. వేగం సెకనుకు 175 మీటర్లయితే 10 మీటర్లు పోవడానికి 0.057 సెకను పడుతుంది. గాలి నిరోధాన్ని ప్రస్తుతానికి విడిచిపెడదాం. దిగుడు = ½ × 9.8 × (0.057)². ఇది సుమారు 16 మిల్లీమీటర్లు. 20 మీటర్లకు కాలం రెట్టింపు, దిగుడు నాలుగు రెట్లు, అనగా 64 మిల్లీమీటర్లు.

దిగడం వలన గురి తప్పదు. గురి అమరికను దానికి తగినట్లు పైకెత్తి సరిచేసుకోవచ్చు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక్కొక్క గుండు ఒక్కొక్క వేగంతో పోయినప్పుడు. ఒక గుండు 175 మీటర్ల వేగంతోను, మరొకటి 170 మీటర్ల వేగంతోను పోయిందనుకొందాం. రెండవది 10 మీటర్ల దూరంలో దాదాపు 1 మిల్లీమీటరు అదనంగా దిగుతుంది.

ఒక మిల్లీమీటరు లెక్కలోకి వస్తుందా? 10 మీటర్ల ఎయిర్ రైఫిలు లక్ష్యంలో పది గుర్తుల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు మాత్రమే. దాని చుట్టూ ఒక్కొక్క వలయం 2.5 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. దశాంశాలలో లెక్కించేటప్పుడు 0.25 మిల్లీమీటరుకు 0.1 గుర్తు మారుతుంది. ఈ పోటీ 1984లో లాస్ ఏంజెలిస్‌లో మొదటిసారిగా ఒలింపిక్ క్రీడలలో చేరింది. 2012లో లండన్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 701.1 గుర్తులతో కాంస్య పతకం పొందాడు. రజత పతకం పొందిన వాని గుర్తులు 701.5. ఆ 0.4 తేడా, తుది పోటీ దశాంశాలలో, ఒక గుండు కేంద్రం నుండి ఒక్క మిల్లీమీటరు జరగడంతో సమానం.

ఇక బరువు సంగతి. తుపాకి ఇచ్చే శక్తి ఒకటే అనుకొంటే, గుండు బరువు నూటికి 2 వంతులు పెరిగితే వేగం నూటికి 1 వంతు తగ్గుతుంది, దిగుడు నూటికి 2 వంతులు పెరుగుతుంది. 16 మిల్లీమీటర్లలో నూటికి 2 వంతులు 0.3 మిల్లీమీటరు. ఒలింపిక్ పోటీదారునికి ఇది పెద్దదే. పాఠశాల విద్యార్థికి మాత్రం సొట్టపడిన పావడ ఇంతకంటే చాలా హెచ్చు నష్టం కలిగిస్తుంది. కనుక ప్రారంభకుడు త్రాసు కంటే ముందు కన్ను వాడాలి.

గాలి వాటు

ఆరుబయట గుండును గాలి పక్కకు తోస్తుంది. గుండు ప్రయాణించిన మొత్తం కాలాన్ని బట్టి ఈ తోపు ఉంటుందని తోస్తుంది గాని, నిజానికి గాలి నిరోధం వలన కలిగిన ఆలస్యాన్ని బట్టి ఉంటుంది. నిరోధమే లేకపోతే 175 మీటర్ల వేగం గల గుండు 30 మీటర్లు పోవడానికి 0.17 సెకను చాలు. చదును తల గుండుకు 0.20 సెకను, గుండ్రని తల గుండుకు 0.19 సెకను పట్టిందనుకొందాం. ఆలస్యాలు 0.03, 0.02 సెకను. సెకనుకు 3 మీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి మొదటి గుండును 9 సెంటీమీటర్లు, రెండవదానిని 6 సెంటీమీటర్లు జరుపుతుంది. చెట్ల ఆకులను కదిలించే పిల్లగాలి కూడా ఎంత పని చేస్తుందో దీనివలన తెలుస్తుంది. 10 మీటర్ల పోటీని గదిలో జరపడం, దూరం పెరిగినప్పుడు గుండ్రని తల గుండును ఎంచుకోవడం ఇందుకే.

ఎంపిక ఒక ప్రయోగం

ఒకే కంపెనీ ఒకే నమూనాలో తయారు చేసిన రెండు తుపాకులు కూడా ఒకే గుండును సమానంగా ఇష్టపడవు. గొట్టం లోపలి కొలతలో సూక్ష్మమైన భేదాలు ఉండటమే దీనికి కారణం. అందుకే పోటీ గుండ్లను 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల తల కొలతలతో వేరువేరుగా అమ్ముతారు. పేరుగాంచిన పోటీదారులు తుపాకిని బిగింపులో కదలకుండా అమర్చి, పలు తయారీ విడతల నుండి గుండ్లు తెచ్చి పరీక్షించి, నప్పిన విడతనే కొనిపెట్టుకొంటారు. ఏ గుండు మంచిది అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఈ గొట్టానికి ఏ గుండు మంచిది అన్న ప్రశ్నకు మాత్రమే జవాబు ఉంది. ఆ జవాబు ప్రయోగం వలన తప్ప దొరకదు.

ప్రయోగం ఇట్లా చేయాలి. మూడు రకాల గుండ్లు తీసుకోవాలి. సొట్టలు, గీతలు, అంచున సీసపు పొట్టు గలవాటిని ఏరివేయాలి. మిగిలిన వాటిని ఏటవాలుగా పెట్టిన గాజు పలక మీద ఒక్కొక్కటిగా దొర్లించాలి. తల, పావడల వ్యాసాలు వేరు కనుక గుండు వంపు తిరుగుతూ దొర్లుతుంది. అన్నీ దాదాపు ఒకే వంపులో దొర్లితే అవి సమానమైనవి. దారి తప్పినది లోపం గలది. తరువాత తుపాకిని ఇసుక సంచి మీద ఆనించి, గ్రాఫు కాగితం అంటించిన లక్ష్యం మీద ఒక్కొక్క రకంతో పది గుండ్లు కాల్చాలి. రకం మార్చినప్పుడల్లా మొదటి అయిదారు గుండ్లను లెక్కలోకి తీసుకోరాదు, గొట్టంలో పాత సీసపు పూత పోయి కొత్తది కుదురుకోవాలి. గుండును బొటనవేలితో ప్రతిసారీ ఒకే లోతుకు నెట్టాలి. మరునాడు రకాల వరుసను తిరగవేసి మళ్ళీ చేయాలి. అలసట, వెలుతురు మొదలైనవి ఒకే రకానికి మేలు చేయకుండా ఉండటానికి ఈ జాగ్రత్త.

సగటు చెప్పే నిజం

పది గుండ్లు ఎందుకు, మూడు చాలవా? మూడు గుండ్లు ఒకే చోట పడటం అదృష్టం వలన కూడా జరుగవచ్చు. గుండ్ల సంఖ్య పెరిగిన కొద్దీ అదృష్టం పాలు తగ్గి అసలు గుణం బయటపడుతుంది. లెక్క సులభంగా ఉండటానికి ఇక్కడ అయిదేసి గుండ్ల ఉదాహరణలు రెండు చూద్దాం. లక్ష్య కేంద్రం నుండి కుడికి, పైకి కొలిచిన దూరాలు మిల్లీమీటర్లలో ఉన్నాయి. ఎడమకు, కిందికి అయితే ఋణ సంఖ్యలు.

మొదటి రకం: (−6, −3), (−4, −5), (−5, −2), (−7, −4), (−3, −6).

రెండవ రకం: (8, −9), (−10, 7), (3, 11), (−7, −6), (6, −3).

మొదటి రకంలో అడ్డు దూరాల సగటు −5, నిలువు దూరాల సగటు −4. అనగా గుంపు కేంద్రం ఎడమకు 5, కిందికి 4 మిల్లీమీటర్లు తప్పింది. కాని ఆ గుంపు కేంద్రం నుండి ఒక్కొక్క గుండు దూరాన్ని పైథాగరస్ సిద్ధాంతంతో లెక్కించి సగటు తీస్తే 1.9 మిల్లీమీటర్లే. రెండవ రకంలో రెండు సగటులూ సున్న. గుంపు కేంద్రం సరిగ్గా లక్ష్య కేంద్రమే! అయినా ఒక్కొక్క గుండు సగటున 10.3 మిల్లీమీటర్ల దూరాన పడింది. ఒక్కటైనా కేంద్రాన్ని తాకలేదు.

ఏది మంచిది? తొందరపడినవాడు రెండవదే అంటాడు. కాని మొదటి రకం దోషం గురి అమరికలోనిది, ఒక మర తిప్పితే పోతుంది. రెండవ రకం దోషం చెదరుడు. ఏ మర తిప్పినా పోదు. గుంపు బిగువు గుండు గుణం, గుంపు చోటు అమరిక గుణం. ఈ భేదం ప్రయోగశాలలో చేసే కొలతలన్నింటికీ వర్తిస్తుంది.

అమరికను ఎంత జరపాలో సరూప త్రిభుజాలు చెబుతాయి. గొట్టం కొనన ఉన్న గురిమొనకు, వెనుక ఉన్న గురిచీలికకు మధ్య దూరం 50 సెంటీమీటర్లు, లక్ష్యం 10 మీటర్లు అయితే నిష్పత్తి 1 : 20. గుంపును 5 మిల్లీమీటర్లు కుడికి జరపాలంటే వెనుక చీలికను 0.25 మిల్లీమీటరు కుడికి, 4 మిల్లీమీటర్లు పైకి జరపాలంటే 0.2 మిల్లీమీటరు పైకి జరిపితే చాలు. ఇదే నిష్పత్తి మరొక సంగతి కూడా చెబుతుంది. గురిమొన చీలిక మధ్య నుండి 0.1 మిల్లీమీటరు పక్కకు ఉంటే లక్ష్యం మీద 2 మిల్లీమీటర్లు తప్పుతుంది. అందువలన కంటి చూపు గురిమొన మీద నిలవాలి, లక్ష్యం కాస్త మసకగా కనిపించినా ఫరవాలేదు.

చేతిలోని దోషాలు

గుండు ఎంత మంచిదైనా చేయి తన వంతు పాడు చేయవచ్చు. స్ప్రింగు తుపాకిలో ముషలకం ముందుకు ఉరికినప్పుడు, న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం, తుపాకి వెనుకకు కదులుతుంది. ముషలకం ఆగగానే మళ్ళీ ముందుకు కుదుపుకొంటుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఈ కదలిక మొదలవుతుంది. తుపాకిని ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పట్టుకొంటే కుదుపు మారి గుండు దారి మారుతుంది. కనుక స్ప్రింగు తుపాకిని బిగించక, ప్రతిసారీ ఒకే చోట, ఒకే విధంగా, తేలికగా పట్టుకోవాలి. ఊపిరి సగం విడిచి ఆపి, ట్రిగ్గరును మెల్లగా నొక్కి, గుండు పోయిన తరువాత కూడా ఒక క్షణం అట్లాగే నిలవాలి.

ముషలకం ముందు నూనె చేరితే మరొక చిక్కు వస్తుంది. గాలిని ఒక్కసారిగా అణచినప్పుడు అది వేడెక్కుతుంది. డీజిలు ఇంజనులో ఇంధనం అంటుకొనేది ఇట్లాగే. తుపాకిలోని నూనె కూడా ఒకసారి అంటుకొని, మరొకసారి అంటుకోక, గుండు వేగాన్ని తారుమారు చేస్తుంది. తుపాకికి నూనె ఎక్కువ పోస్తే మేలన్నది పొరపాటు.

రాబిన్సు లోలకం

గుండు వేగాన్ని కొలవడానికి నేడు విద్యుత్ పరికరాలు ఉన్నాయి. అవి లేని కాలంలో బెంజమిన్ రాబిన్సు అనే ఆంగ్ల గణితవేత్త 1742లో ప్రచురించిన గ్రంథంలో ఒక ఉపాయం వివరించాడు. వేలాడే దిమ్మను గుండుతో కొట్టి, దిమ్మ ఎంత ఊగిందో కొలవడమే ఆ ఉపాయం. ఆయన తరువాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా భారతదేశానికి వచ్చి, కడలూరు దగ్గరి సెంట్ డేవిడ్ కోటలో 1751లో మరణించాడు.

మట్టి నింపిన 200 గ్రాముల డబ్బాను 1 మీటరు దారంతో వేలాడదీశారనుకొందాం. 0.5 గ్రాము గుండు అందులో దిగబడినప్పుడు డబ్బా అడ్డంగా 12.7 సెంటీమీటర్లు జరిగింది. డబ్బా బయలుదేరిన వేగం 0.127 × √(9.8 ÷ 1), అనగా సెకనుకు 0.4 మీటరు. ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం గుండు వేగం దీనికి 200.5 ÷ 0.5 = 401 రెట్లు. అనగా సెకనుకు సుమారు 160 మీటర్లు. పదిసార్లు కొలిచినప్పుడు ఏ రకం గుండు వేగం తక్కువగా మారుతుందో దాని గుంపు బిగువుగా ఉండే అవకాశం హెచ్చు.

సీసం, చట్టం, అడవి

ఈ ప్రయోగాలన్నీ అనుమతి గల శిక్షణ స్థలంలో, శిక్షకుని సమక్షంలో మాత్రమే చేయదగినవి. 0.53 గ్రాము గుండు 175 మీటర్ల వేగంలో 8 జౌళ్ళ గతిజశక్తి కలిగి ఉంటుంది. కన్ను పోగొట్టడానికి అది చాలు. కంటి అద్దాలు తప్పనిసరి. లక్ష్యం వెనుక గుండును పట్టి ఆపే పెట్టె ఉండాలి. రాతిని, నీటిని, ఎండిన కొయ్యను తాకిన గుండు ఎటు మళ్ళుతుందో ఎవరూ చెప్పలేరు. తుపాకి ఖాళీగా ఉన్నదని తెలిసినా మనిషివైపు తిప్పరాదు.

సీసం విషపదార్థం. పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేయని సీసపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. గుండ్లను నోట పెట్టుకోవడం కొందరికి అలవాటు. అది వెంటనే మానవలసిన అలవాటు. అభ్యాసం ముగియగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాల్చిన గుండ్లను ఏరి డబ్బాలో దాచాలి, నేలలో విడువరాదు.

2016 ఆయుధ నియమావళి ప్రకారం 4.5 మిల్లీమీటర్లకు మించిన గొట్టం గాని, 20 జౌళ్ళకు మించిన శక్తి గాని గల గాలి తుపాకికి లైసెన్సు కావాలి. లైసెన్సు అక్కరలేని తుపాకి అయినా పక్షి మీదికి ఎక్కుపెట్టే హక్కు ఎవరికీ ఇవ్వదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో గువ్వను కొట్టినది విల్లా, ఉండేలా, గాలి తుపాకా అన్న భేదం లేదు. పాల్వంచ పక్కన 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం 1977 నుండి ఉన్నది. దాని అంచు ఊళ్ళలో ఈ సంగతి ప్రతి విద్యార్థికీ తెలియాలి. శాస్త్రం చెప్పే మాట కూడా చట్టానికి తోడు నిలుస్తుంది. కొమ్మ మీది పక్షిని కొట్టబోయి తప్పినవానికి ఎంత తప్పిందో, ఎటు తప్పిందో తెలియదు. కాగితం మీద పడిన రంధ్రం ఆ రెండూ మిల్లీమీటర్లలో చెబుతుంది. నేర్చుకోదలచినవానికి కాగితమే గురువు.

పూర్వం అడవిలో గురి తప్పితే ఆ పూట ఇంట కూర ఉండేది కాదు. అందుకే బాణపు ఈకను, ఉండేలు ఉండను పెద్దలు అంత శ్రద్ధగా చేసుకొన్నారు. నేడు వేట అవసరమూ లేదు, అనుమతీ లేదు. ఆ శ్రద్ధ మాత్రం వ్యర్థం కానక్కరలేదు. గుండ్లను ఏరడంలో, కొలతలను నోటు పుస్తకంలో రాయడంలో, సగటు చూచి తన అభిప్రాయాన్ని తానే మార్చుకోవడంలో అది పనికివస్తుంది. ఖరీదైన తుపాకి కొనలేని పాఠశాల కూడా ఒక గ్రాఫు కాగితం, ఒక గాజు పలక కొనగలదు. గురి నేర్వడం అక్కడనే మొదలవుతుంది.